బావిగడ్డ మీది ఇనుము: రామన్నపేట మెట్టసీమలో ఆయిల్ ఇంజన్లు, తుప్పు, కందెన

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు వ్యవసాయ చరిత్రలో చెరువులకు, కరువులకు, భూమి కోసం జరిగిన పోరాటాలకు దక్కిన స్థానం బావిగడ్డ మీద నిలిచి నీరు తోడిన ఇనుప యంత్రాలకు దక్కలేదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యభాగం నుంచి కొన్ని దశాబ్దాల పాటు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టరైతు పంటను కాపాడిన సాధనాల్లో డీజిల్‌తో నడిచే ఆయిల్ ఇంజను ముఖ్యమైనది. దానిని విప్పి, కడిగి, తుప్పు వదిలించి, మళ్లీ బిగించి నడిపించిన మెకానిక్కుల నేర్పు ఆ చరిత్రలో విడదీయరాని భాగం. ఇంజను ఆయుష్షును అది పనిచేసిన గంటలు ఎంత నిర్ణయించాయో, పనిలేక నిలిచిన నెలలు కూడా అంతే నిర్ణయించాయి; ఆ నెలల్లో ఇనుము మీద జరిగినదానిని ఈ వ్యాసం రామన్నపేట పరిసరాలను కేంద్రంగా తీసుకొని వివరిస్తుంది.

నేల, నీరు, కాలం

రామన్నపేట నల్లగొండ జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉండి, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమై, 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. మూసీ నది సమీపంలోనే పారుతున్నా, నదికి ఎడంగా ఉన్న గ్రామాల్లో సాగు చాలాకాలం వానమీద, చెరువుమీద, బావిమీద ఆధారపడింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఎడమ కాలువ ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆగ్నేయాన ఉన్న పల్లపు ప్రాంతాలను మాగాణిగా మార్చింది గాని, ఎత్తున ఉన్న రామన్నపేట వైపు గ్రామాలకు ఆ నీరు ఎక్కలేదు.

ఇక్కడి నేల అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ జాతుల రాయి. దానిమీద పలుచగా పరచుకున్నవి చెల్క, దుబ్బ నేలలు. ఇటువంటి రాతినేలలో నీరు పగుళ్లలోనే నిలుస్తుంది కాబట్టి, రైతులు వెడల్పుగా, లోతుగా తవ్విన పెద్ద బావులలోకి ఆ ఊటలను చేర్చుకొని, అక్కడినుంచి పైకి తోడుకునేవారు. వానలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే కురుస్తుంది. అందువల్ల నీరు తోడే పని వానాకాలంలో వాన ఎగవేసినప్పుడు కొంతగా, యాసంగిలో, అంటే చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగే పంటకాలంలో ఎక్కువగా పడేది. తోడే యంత్రానికి పని తక్కువగా ఉండే కాలమూ గాలిలో తేమ ఎక్కువగా ఉండే కాలమూ ఒకటే కావడం ఈ ప్రాంతపు ఇనుముకు పుట్టుకతో వచ్చిన కష్టం.

కొలిమి, కందెన

ఇంజను రాకముందు కూడా ఈ నేల ఇనుమును ఎరుగును. తెలంగాణలో ముడిఖనిజం నుంచి ఇనుము తీసే విద్య ఎంతో పాతది. నిజామాబాద్ వైపున్న కోనసముద్రంలో మూసలలో ఉక్కును కరిగించి తీసే పద్ధతిని హెన్రీ వాయిసీ అనే శాస్త్రవేత్త పరిశీలించి రాసిన వివరణ 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దాదాపు ప్రతి ఊరిలోనూ కమ్మరి కొలిమి ఉండి, నాగలి కర్రు, గడ్డపార, కొడవలి, బండిచక్రపు పట్టా అక్కడే తయారయ్యేవి, అక్కడే బాగుపడేవి. అందుకు ప్రతిఫలంగా రైతు కల్లం మీద మేర, అనగా కులవృత్తులవారికి ఏటా కొలిచి ఇచ్చే ధాన్యం, ఇచ్చేవాడు.

బావి దగ్గర మోట ఉండేది. ఎద్దుల జత వాలుగా తవ్విన బాట మీద దిగుతుంటే, బావిలోని బొక్కెన గిలక మీదుగా పైకి వచ్చి, దాని అడుగున ఉన్న తోలు తొండం గుండా నీరు కాలువలో పడే ఏర్పాటే మోట. రేకు బొక్కెన, గిలక ఇరుసు, కట్టుకమ్మీలు నిత్యం తడుస్తూ ఉండేవి కాబట్టి తుప్పుతో పోరు మోట కాలంలోనే మొదలైంది. అయితే మోటలోని ఇనుప భాగాలు మందమైనవి, మోటువి. వాటి పైపొర కొంత తినిపోయినా పని ఆగదు, తినిపోయినది కమ్మరి కొలిమిలో అతుకు పడుతుంది.

ఆ కాలంలో లోహానికి రక్షణగా అందరికీ అందుబాటులో ఉన్నది ఆముదం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెల్క నేలలు వానమీద ఆధారపడి పండే ఆముదానికి పేరుపడినవి. మహబూబ్‌నగర్ వైపున్న పాలెం వ్యవసాయ పరిశోధనా కేంద్రం నేటికీ ఆముదం వంగడాల మీద పనిచేస్తున్నది. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి చేసే కందెనను బండి ఇరుసుకు పూసేవారు. మసిలోని కర్బనం రాపిడిని తగ్గిస్తే, ఆముదం ఇనుమును అంటిపెట్టుకొని నీటిని దూరంగా ఉంచుతుంది. ఆముదంలో 85 నుంచి 90 శాతం వరకు ఉండే రిసినోలిక్ ఆమ్లంలో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట ఒకటి అదనంగా ఉండడం వల్ల ఆ నూనె లోహాన్ని ఇతర నూనెలకంటే గట్టిగా పట్టుకుంటుంది.

ఈ గుణమే ఆముదాన్ని యంత్రయుగంలోకి కూడా తీసుకుపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశపు రైళ్లలో దీపాలకు, కందెనకు ఆముదం విరివిగా వాడారు. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ సంస్థ ఆముదం కలిపిన ఇంజన్ నూనెను ఆముదపు ఆంగ్లనామం ధ్వనించేలా క్యాస్ట్రాల్ అనే పేరుతో అమ్మింది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు తిరుగుడు ఇంజన్ల విమానాలు ఆముదాన్నే కందెనగా వాడి ఎగిరాయి. అయితే ఈ నూనెకు ఒక లోపం ఉంది: నెలల తరబడి గాలి తగిలితే అది చిక్కబడి, జిగురై, ఎండి, లోహం మీద వార్నిషులాంటి పొరగా బిగుసుకుంటుంది. బండి ఇరుసుకు దానివల్ల నష్టం లేదు గాని, సన్నని సందులతో బిగిసి ఉండే ఇంజన్ భాగాలకు అది పనికిరాదు. పాత రక్షణ కొత్త యంత్రానికి సరిపోకపోవడంతో మెట్టసీమ మరో నేర్పును అలవరచుకోవలసి వచ్చింది.

ఇంజన్ల రాక

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనుకు 1892లో పేటెంటు కోరి, 1897లో దానిని విజయవంతంగా నడిపి చూపాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే అధికారి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలోనే ఆయిల్ ఇంజన్లతో బావినీరు తోడించే ప్రయోగాలను ప్రోత్సహించాడు. ఇంగ్లండులో 1930 ప్రాంతంలో వచ్చిన లిస్టర్ నిలువు ఇంజను, అంటే ఒకే సిలిండరుతో, రెండు పక్కలా రెండు బరువైన ఫ్లైవీళ్లతో, నిమిషానికి ఆరువందల చుట్ల నెమ్మదైన వేగంతో తిరిగే యంత్రం, తర్వాతి కాలంలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలకు నమూనా అయింది. 1946లో పూణే దగ్గరి ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ఏర్పడింది. ఆ సంస్థ చేసిన ఐదు హార్స్‌పవర్ ఇంజను, 80 మిల్లీమీటర్ల సిలిండరు బోరుతో, నిమిషానికి 1500 చుట్లతో, భారతీయ రైతుకు ఎంత దగ్గరైందంటే ఏ కంపెనీ ఇంజనునైనా కిర్లోస్కర్ అనే పిలిచిన ఊళ్లు ఉన్నాయి. సన్నని రంధ్రాలగుండా డీజిల్‌ను తుంపరగా చిమ్మే ఇంజెక్టరు, దానిని తోసే పంపు 1951లో బెంగళూరులో స్థాపితమైన మైకో సంస్థ ద్వారా దేశంలోనే లభించసాగాయి.

హైదరాబాద్ రాజ్యంలో యంత్రవిద్యకు పునాది రైల్వే వేసింది. సికింద్రాబాద్ లాలాగూడలో 1893లో నెలకొన్న నిజాం రైల్వే వర్క్‌షాపు, 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ, లోహపు పనిలో, ఇంజన్ పనిలో ఆరితేరిన కార్మికవర్గాన్ని తయారుచేశాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బండ్లు, ఇంజన్లు మిగులు సామానుగా దేశమంతటా అమ్ముడుపోయాయి. సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ యంత్రభాగాలకు, పంపులకు పేరుపడిన బజారుగా ఎదిగింది.

రాజకీయ మార్పు కూడా ఇందుకు తోడైంది. 1948 సెప్టెంబరు సైనిక చర్యతో నిజాం పాలన ముగిసి, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి, 1951 ఏప్రిల్ 18న ఇదే మూసీ పరీవాహకంలోని పోచంపల్లిలో భూదానోద్యమం పుట్టిన తర్వాత, నేలమీద హక్కు దక్కిన చిన్న, మధ్యతరగతి రైతులు బావులు తవ్వుకోవడం, లోతు చేసుకోవడం పెరిగింది. భూమి తనఖా బ్యాంకులు బావికి, పంపుసెట్టుకు దీర్ఘకాలపు అప్పులు ఇచ్చాయి. ఆ విధంగా అప్పుతో కొన్న యంత్రం కావడం వల్ల, దాని మీద పట్టే తుప్పు నేరుగా కుటుంబపు రుణభారాన్ని పెంచేదిగా మారింది.

ఇంజను రాకతో ఒక భౌతిక నియమం కూడా రైతుకు ఎదురైంది. పంపు నీటిని పైకి పీల్చడం నిజానికి గాలి ఒత్తిడి చేసే పని. సిద్ధాంతరీత్యా పది మీటర్లకు కొంచెం పైగా, ఆచరణలో ఏడు మీటర్ల వరకే ఆ పీల్పు సాధ్యమవుతుంది. బావిలో నీటిమట్టం అంతకంటే దిగితే పంపును, ఒక్కొక్కచోట ఇంజనును కూడా, బావి లోపలి గట్టు మీదికి దించక తప్పదు. బావి లోపలి గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, వానకు నీటిమట్టం ఒక్కసారిగా పైకి వస్తుంది. సమయానికి పైకి లాగని పంపు మునిగిపోయేది.

ఊరకున్న ఇంజను

తుప్పును తెలంగాణలో చిలుము అనీ జంగు అనీ కూడా అంటారు. శాస్త్రం దృష్టిలో అది ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసి ఏర్పరచే నీరుపట్టిన ఆక్సైడు. ఇనుము మీద కంటికి కనిపించనంత పలుచని నీటిపొర ఏర్పడితే చాలు, ఆ పొర ఒక చిన్న విద్యుత్ ఘటంగా పనిచేసి, ఒకచోట ఇనుము కరగడానికి, మరొకచోట ఆక్సిజన్ దానితో కలవడానికి దారి తీస్తుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఈ క్రియ వేగం పుంజుకుంటుంది; ఉప్పు, చెమట, ఎరువు వంటివి ఉంటే ఇంకా తక్కువ తేమలోనే మొదలవుతుంది. ఏర్పడిన తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎన్నోరెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పైగా అది గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి, పట్టిన తుప్పు మరింత తుప్పును పిలుస్తుంది.

బావి ఇంజనులో ఈ క్రియ మూడు దారుల్లో సాగేది. మొదటిది బయటి తేమ. వంద కిలోలకు మించిన పోతయినుప దిమ్మ రాత్రి చల్లబడి, తెల్లవారి గాలి వేడెక్కినా చాలాసేపు చల్లగానే ఉంటుంది. తడిగాలి దానికి తగలగానే మంచుబిందువులు కమ్ముతాయి. రెండవది లోపలి ఆమ్లం. నాటి డీజిల్‌లో గంధకం చాలా ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా పది లక్షల పాళ్లలో పది పాళ్లకు పరిమితం చేసిన నేటి ఇంధనంతో దానిని పోల్చడానికి లేదు. ఆ గంధకం మండి, ఆవిరితో కలిసి ఆమ్లమై, ఇంజన్ అడుగుభాగంలోని నూనెలో చేరుతుంది. నల్లబడిన ఆ నూనెతోనే ఇంజనును నెలల తరబడి నిలిపితే, ఆ ఆమ్లం క్రాంక్‌షాఫ్టు మెరుగును, బేరింగులను నెమ్మదిగా తింటుంది. అందుకే పని ముగిశాక పాత నూనె తీసి, కొత్త నూనె పోసి, కాసేపు నడిపి, ఆ తర్వాతే ఇంజనును నిలపాలన్నది మంచి మెకానిక్కులు పట్టుబట్టి చెప్పే నియమం. మళ్లీ నడిపేముందు నూనె మారుస్తామని వాయిదా వేసినవారి ఇంజను ఆ మధ్యకాలంలోనే పాడయ్యేది.

మూడవది తెరిచి ఉన్న వాల్వు. ఇంజను ఏ స్థితిలో ఆగుతుందో దానిని బట్టి, గాలి లోపలికి వచ్చే వాల్వు గాని, పొగ పోయే వాల్వు గాని తెరిచి ఉండవచ్చు. ఆ దారిన తడిగాలి సిలిండరులోకి చొరబడి, పిస్టన్ రింగులు ఆగిన చోట లైనరు గోడమీద గుండ్రని తుప్పుగీతను గీస్తుంది. లైనరు అంటే పిస్టను కదిలే మార్చదగిన లోపలి గొట్టం. ఫ్లైవీలును చేత్తో తిప్పి, రెండు వాల్వులూ మూసుకొని ఉండే కంప్రెషన్ స్థానంలో నిలిపి, అంతకుముందే సిలిండరులో కొంచెం ఇంజన్ నూనె పోసి, పొగగొట్టం మూతికి డబ్బా బోర్లిస్తే ఈ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. పెద్దగా ఖర్చు లేని, కొద్ది నిమిషాల ఈ పని చేసిన ఇంజనుకూ చేయని ఇంజనుకూ తేడా తర్వాతి యాసంగిలో హ్యాండిలు పట్టినవాడికి తెలిసేది.

ఇంజనును ఎక్కడ దాచారన్నది కూడా ముఖ్యమే. వానకు తడవకుండా పశువుల కొట్టంలో పెట్టడం సులువైన మార్గం. కాని పశువుల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా ఇత్తడిని పగలగొడుతుంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలాన గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతట అవే పగిలిపోవడం లోహశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైన ఉదంతం. దానికి కారణం అమ్మోనియా అని 1921లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఎరువుల బస్తాల పక్కన పెట్టినా ముప్పే, ఎందుకంటే ఎరువు గాలిలోని తేమను లాగి, ఉప్పునీటి పొరగా ఇనుము మీద చేరుస్తుంది.

ఈ నేపథ్యంలో దసరాకు కొత్త అర్థం కనిపిస్తుంది. ఆయుధపూజ నాడు పనిముట్లను, యంత్రాలను కడిగి, తుడిచి, నూనె పూసి, పసుపుకుంకుమలతో అలంకరించే ఆచారం నేటికీ ఊరి కొలిమి నుంచి ఆర్టీసీ డిపో దాకా ఉంది. వానలు వెనుకబడి యాసంగి పనులు మొదలయ్యే సంధికాలంలో, తేమ చేసిన నష్టాన్ని చూసుకోవడానికి సరిగ్గా తగిన వేళలో ఆ పండుగ వస్తుంది. భక్తితో చేసిన ఆ పని యంత్రానికి ఏటేటా జరిగే తనిఖీ అయింది.

విప్పిన ఇంజను ముందు

ఇంజను పొగ ఎక్కువై, బలం తగ్గి, నూనె తాగడం మొదలుపెడితే దానిని పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి బిగించేవారు. ఈ పని ఒక్క రోజులో ముగిసేది కాదు. లైనరు, రింగులు బజారు నుంచి రావాలి, క్రాంక్‌షాఫ్టు లేత్ షాపుకు పోవాలి, అన్నిటికంటే ముందు రైతు చేతికి పంటడబ్బు రావాలి. ఈలోపు విప్పిన భాగాలు వారాలు, నెలలు ఎదురుచూసేవి. అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది. నూనె, మసి పట్టి మురికిగా ఉన్న భాగానికి ఆ మురికే ఒక కవచం. కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, మెరిసేటట్లు తుడిచి వదిలిన భాగానికి ఏ కవచమూ లేదు. కిరసనాయిలు ఆవిరైపోయాక నునుపుగా సానపట్టిన ఉక్కు తడిగాలికి నగ్నంగా నిలుస్తుంది, పట్టుకున్నవాడి చెమట తగిలిన చోట వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. కడిగిన పూటే నూనె పూయాలి, లేదా బిగించే రోజుదాకా కడగకూడదు అన్న నియమానికి ఆధారం ఇదే.

పట్టిన తుప్పు రెండు రకాలు. ఇనుము మీద పలుచగా, ఎర్రటి పొడిలా ఉండి, తుడిస్తే పోయే దానిని పైతుప్పు అనవచ్చు. ఇనుము లోపలికి దిగి, గుంటలు చేసిన దానిని తిన్నతుప్పు అనవచ్చు. ఈ రెంటి మధ్య తేడా కనిపెట్టడమే మెకానిక్ విద్యలో సగభాగం. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో రుద్ది, ఆ చోట గోరు మొనను అడ్డంగా నడిపితే, గోరు జారిపోతే అది పైతుప్పు, గోరు ఆగితే అది గుంట. మచ్చ రంగు నల్లగా మిగిలినా గోరు ఆగకపోతే భయపడనక్కరలేదు, ఎందుకంటే ఆ నల్లదనం నూనెపొరకు అడ్డు రాదు.

క్రాంక్‌షాఫ్టులో బేరింగు కూర్చునే గుండ్రని మెడ మీద ఈ పని ఎంత జాగ్రత్తగా సాగుతుందో చూస్తే ఈ నేర్పు విలువ అర్థమవుతుంది. సన్నని ఎమరీ కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీగా చింపి, నూనెలో తడిపి, మెడ చుట్టూ ఒక చుట్టు వేసి, రెండు కొసలను చల్ల చిలికే కవ్వం తాడులా అటూ ఇటూ సమంగా లాగుతూ, షాఫ్టును కొద్దికొద్దిగా తిప్పుతుండాలి. నిలువుగా రుద్దితే పడే గీతలు బేరింగును కోస్తాయి. ఒకేచోట రుద్దితే మెడ గుండ్రదనం పోయి కోడిగుడ్డు వాటం వస్తుంది. పని ముగిశాక షాఫ్టులోని నూనెరంధ్రాలను తీగతో, కిరసనాయిలుతో కడిగి ఎమరీ పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా చూడాలి. గోరు ఆగేటంత గుంట ఉంటే ఈ శ్రమ వృథా. మెడను లేత్ షాపులో గ్రైండింగ్ చేయించి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో తగ్గిన కొలతకు సరిపోయే బేరింగు వేయాలి.

మిగిలిన భాగాల తీర్పు త్వరగా తేలుతుంది. లైనరు మీది తుప్పుగీత పలుచగా ఉంటే హోనింగ్‌తో, అంటే సానరాళ్లను లోపల తిప్పుతూ అడ్డగీతల నునుపు తెచ్చే పనితో పోతుంది, లోతుగా ఉంటే లైనరు మార్చాలి. వాల్వు అంచుకు పట్టిన తుప్పును గ్రైండింగ్ పేస్టుతో అరగదీసి, కిరసనాయిలు పోసి కారకుండా నిలుస్తుందో లేదో చూస్తారు. వాల్వు స్ప్రింగుకు చిన్న గుంట పడినా దానిని పారేయవలసిందే, ఎందుకంటే లక్షలసార్లు ముడుచుకొని సాగే ఆ తీగ ఆ గుంట దగ్గరే విరుగుతుంది. బాల్ బేరింగు చేతిలో తిప్పినప్పుడు గరగరలాడితే మరమ్మతు లేదు. డీజిల్ పంపులో ఇంధనాన్ని తోసే కడ్డీ అయిన ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతు లెక్కల్లో ఉంటుంది కాబట్టి దానిమీద ఎమరీ పెట్టడం నేరం. అక్కడ తుప్పు కనిపిస్తే రెండింటినీ జంటగా మార్చాలి. ఫ్లైవీలు బయటి తుప్పు మాత్రం చూపుకే చెడ్డది. తీగల బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడు రంగు వేస్తే ఆ ఫ్లైవీలు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఆమ్లం, తంగేడు, ఫాస్ఫేటు

రుద్దకుండా తుప్పు వదిలించే తేలిక మార్గంగా ఆమ్లం ఎప్పుడూ ఊరిస్తుంది. ఇత్తడిని తోమే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం బలహీనమైనది కాబట్టి పైతుప్పును నెమ్మదిగా కరిగించి, మంచి ఇనుమును పెద్దగా తాకదు. బజారులో దొరికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అలా కాదు. తుప్పుతోపాటు ఇనుమును తింటుంది, సన్నని సందుల్లో క్లోరైడును వదిలి తుప్పు మళ్లీ లేవడానికి విత్తు నాటుతుంది, గట్టిపరచిన ఉక్కులోకి హైడ్రోజన్‌ను చొప్పించి దానిని పెళుసు చేస్తుంది. స్ప్రింగులను, షాఫ్టులను ఆమ్లంలో ముంచరాదని చెప్పడానికి కారణం ఈ పెళుసుదనమే.

తుప్పును తీసివేయడానికి బదులు దానినే రక్షణపొరగా మార్చే మార్గం కూడా ఉంది. ఇంగ్లండులో థామస్ కాస్‌లెట్ 1906లో ఇనుమును ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుద్ధిచేసి ఫాస్ఫేటు పొర కట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. పదహారు వందల ఏళ్లుగా నిలిచిన ఢిల్లీ ఇనుపస్తంభం తుప్పుకు లొంగకపోవడానికి దానిలో అధికంగా ఉన్న భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేటు పొరే కారణమని కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించాడు. తోళ్లను ఊనడానికి వాడిన తంగేడు చెక్కలో ఉండే టానిన్ జాతి పదార్థాలు కూడా తుప్పుతో కలిసి నల్లని, గట్టి పొర కడతాయి. నేడు సీసాల్లో అమ్మే తుప్పుమార్పిడి ద్రావణాల్లో చాలావాటికి టానిన్, ఫాస్ఫారిక్ ఆమ్లాలే ఆధారం. ఈ ద్రావణాలు ఇంజన్ దిమ్మ బయటి గోడకు, ఫ్లైవీలుకు, పునాది చట్రానికి మేలు చేస్తాయి గాని, కొలత పట్టింపు ఉన్న మెడలకు, లైనరుకు పనికిరావు. ఏ పొరైనా కొంత మందాన్ని కలుపుతుంది, మందం కలిసిన చోట సందు మారుతుంది.

కరెంటు మోటారు, పాతసామాను

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో కేంద్రంలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడి, కరెంటు తీగ బావిగడ్డకు చేరడంతో ఆయిల్ ఇంజను కాలం ముగియడం మొదలైంది. 1972 కరువు బావులను ఎండగట్టింది, 1973లో ప్రపంచమంతటా చమురు ధర ఎగబాకింది, 1980ల తర్వాత బోరుబావులు పెద్దబావులను వెనక్కు నెట్టాయి. బోరులో దిగే సబ్‌మెర్సిబుల్ మోటారుకు పీల్పు లోతు అడ్డంకి కాదు, దానిని విప్పి తుప్పు తుడిచే పనీ రైతుది కాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలైన తర్వాత డీజిల్‌తో నీరు తోడవలసిన అవసరం దాదాపు తీరిపోయింది. కొట్టాల మూలల్లో నిలిచిన ఇంజన్లు తూకానికి, పాత ఇనుపసామానుగా పోతున్నాయి.

యంత్రం పోవడం చరిత్రలో సహజమే. దానితోపాటు పోతున్న వివేకం మాత్రం నేటికీ పనికివచ్చేది. ట్రాక్టరు, వరికోత యంత్రం, మందుకొట్టే పంపు, అన్నీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరకే నిలిచే యంత్రాలే. నిలిపేముందు నూనె మార్చడం, తెరిచిన దారులు మూయడం, కడిగినదానికి వెంటనే నూనె పూయడం, గోటితో గుంటను గుర్తించడం వాటికీ వర్తిస్తాయి. కాబట్టి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో డీజిల్ మెకానిక్ విద్య నేర్పే ఐటీఐలు తమ ఆవరణలో పాత బావి ఇంజను ఒక్కటైనా నడిచే స్థితిలో నిలుపుకోవాలి. ఆ ఇంజన్లను విప్పి బిగించిన వృద్ధ మెకానిక్కులు ఉన్నప్పుడే వారి చేతిపనిని, వారి మాటలను నమోదు చేయించాలి. పాత ఇంజను ఇంట్లో ఉన్న రైతు కుటుంబం దానిని తూకానికి వేసేముందు ఒక్కసారి దగ్గరలోని ఐటీఐని అడగడం ఈ ప్రాంత చరిత్రకు చేయగల సులువైన మేలు.